పనిలో పడితే చెయ్యి బెణికిందన్నారు, నొప్పి తగ్గట్లా. ఓనరు చూపించిన డాక్టరు కాకుండా ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చా?

పెనమలూరు_కోడలు
మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. పోయిన నెల బాడీ మీదనుంచి జారి, కుడిచెయ్యి ఆన్చి కింద పడ్డాడు. ఓనరు గారు మంచాయనే. అప్పటికప్పుడు కార్లో ఎక్కించుకుని తనకి తెలిసిన నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తీసి, ఏం విరగలేదు, మణికట్టు బెణికిందని క్రేప్ బ్యాండేజీ చుట్టి మాత్రలిచ్చారు. బిల్లు ఓనరే కట్టారు. పదిరోజులకి మళ్ళీ వెళ్తే వాపు తగ్గింది, ఇక పనిలోకి వెళ్ళొచ్చని కాగితం రాసిచ్చారు.

ఇప్పటికి మూడు వారాలు దాటింది. వెల్డింగ్ హోల్డర్ పట్టుకుంటే అర నిమిషం ఆగలేడు. కుళాయి తిప్పాలన్నా ఎడంచెయ్యే. అన్నం కలుపుకుంటుంటే బొటనవేలి మొదట్లో సలుపు అంటాడు. షెడ్డులో ఏమో "డాక్టరే బానే ఉందన్నాక ఇంకేంటయ్యా వేషాలు" అంటున్నారంట. ఆ మాట పడలేక రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు.

ఆ డాక్టరు ఓనరుకి దగ్గర చుట్టం. మేం వేరేచోటికి వెళ్తే "ఇంత చేస్తే నా మీదే నమ్మకం లేదా" అంటారని ఈయనకి మొహమాటం. పోనీ వెళ్దామన్నా ఎక్స్‌రే మా దగ్గర లేదు, ఓనరు గారికిచ్చేశాం అన్నారు నర్సింగ్‌హోమ్‌లో. ఎవరికి చూపించాలి, ఏమని చెప్పాలి?

బెంజ్‌సర్కిల్_బాబాయ్
చెయ్యి ఓనరుది కాదు కదమ్మా, మీ ఆయనది. రేప్పొద్దున్నే వెళ్ళి చూపించండి. మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అన్లేదు పెద్దలు.

మిరపఘాటు
బాబాయ్, ఆడపిల్ల అడిగినదానికి నీకు ఆ సామెతే దొరికిందా 😂

బెంజ్‌సర్కిల్_బాబాయ్
ఉన్నమాటేగా చెప్పింది.

కృష్ణలంక_కుర్రోడు
ఎక్స్‌రేలూ స్కానింగులూ దండగండీ. పుత్తూరు కట్టు కట్టించండి. మా మావయ్యకి మోచెయ్యి విరిగితే మూడు కట్లకే అతుక్కుంది.

లేత్_మెషిన్
ఏం విరిగిందో, అసలు విరిగిందో లేదో తెలీకుండా కట్టేంటి తమ్ముడూ? పుత్తూరు ఎక్కడో తిరుపతి పక్కనుంది. ఇక్కడ కోడిగుడ్డు సొన, ఆకుపసరు పెట్టుకుని బోర్డు కట్టిన ప్రతివాడూ పుత్తూరోడే. మా పక్క షెడ్డు కుర్రాడికి ఉంగరం వేలు నలిగితే ఇట్టాగే కట్టించారు. అతుక్కోడం అయితే అతుక్కుంది, కాకపోతే పక్కకి తిరిగి అతుక్కుంది. పిడికిలి మూస్తే ఆ వేలు వెళ్ళి చిటికెనవేలు మీదెక్కి కూర్చుంటది. టర్నరు వాడు. మైక్రోమీటరు ఇప్పుడు ఎడంచేత్తో తిప్పుతున్నాడు.

కృష్ణలంక_కుర్రోడు
అందరికీ అలా అవదు కదన్నా.

లేత్_మెషిన్
అందరికీ అవదు. అయినోడికి అయింది.

ఎముకల_పీజీ
ప్రభుత్వ కాలేజీలో ఆర్థో పీజీ చేస్తున్నా. మనిషిని చూడకుండా ఇదీ అని తేల్చి చెప్పను గానీ, మీరు రాసినదాంట్లో రెండు మాటల దగ్గర ఆగిపోయా. చెయ్యి ఆన్చి పడ్డాడు, నొప్పి బొటనవేలి మొదట్లో.

మణికట్టులో చిన్న ఎముకలు 8 ఉంటాయి. వాటిలో బొటనవేలి వైపున్న స్కాఫాయిడ్ చూడ్డానికి జీడిపప్పులా ఉంటుంది. ఇలా పడ్డప్పుడు ఆ ఎనిమిదిట్లో ఎక్కువగా విరిగేది అదే. దాంతో వచ్చే చిక్కేంటంటే, మొదటిరోజు ఎక్స్‌రేలో పగులు కనబడకపోవచ్చు. అయిదుగురిలో ఒకరికి దాకా అలా తప్పిపోతుందని మాకు పాఠంలోనే చెప్తారు. పది, పధ్నాలుగు రోజులకి పగులు అంచులు కాస్త కరిగి అప్పుడు గీత బయటపడుతుంది. అందుకే అనుమానం ఉంటే, ఫిల్ము శుభ్రంగా ఉన్నా సరే, ముందు కట్టు వేసి రెండు వారాలకి మళ్ళీ తీస్తాం. ఎమ్మారై తీస్తే అంతదాకా ఆగక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆ ఎముకకి రక్తం ఎక్కువగా వేళ్ళ వైపునుంచి వెనక్కి వస్తుంది. ఎముక నడుం దగ్గర, అంటే దాని మధ్యలో విరిగితే, వెనక ముక్కకి రక్తం తగ్గిపోతుంది. పట్టించుకోకపోతే అతుక్కోదు, ఒక్కోసారి ఆ ముక్క చచ్చిపోతుంది, కొన్నేళ్ళకి మణికట్టే అరిగిపోతుంది. దెబ్బ తగిలి నాలుగు వారాలు దాటాక వైద్యం మొదలైతే అతక్కుండా మిగిలిపోయే కేసులు పెరుగుతాయి. మీకు మూడు దాటాయంటున్నారు.

ఇంట్లో ఒకటి చూడండి. బొటనవేలు పైకెత్తమంటే మణికట్టు పక్కన రెండు నరాల మధ్య గుంట పడుతుంది. అందులో వేలితో మెల్లగా నొక్కండి. ఎడంచేతికీ అలాగే నొక్కి తేడా చూడండి.

తెనాలి_తుంటరి
మా తాత ముక్కుపొడుం పోసుకునే గుంట!

ఎముకల_పీజీ
అదే. మాకూ ఆ పేరుతోనే చెప్పారు.

పెనమలూరు_కోడలు
నొక్కి చూశా. ఎడమవైపు నొక్కితే చక్కిలిగిలి అని నవ్వాడు. కుడివైపు నొక్కితే చెయ్యి లాక్కుని నన్ను తిట్టాడు.

ఎముకల_పీజీ
అయితే ఈ వారం దాటనివ్వకండి. ఈలోగా బరువులెత్తొద్దు. బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింట్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, అది పెట్టండి. మర్దన చేయించొద్దు.

బెంజ్‌సర్కిల్_బాబాయ్
సూర్యారావుపేటలో ఒక వీధిలో నిలబడి రాయి విసిరితే ఎముకల డాక్టరు మీదే పడుతుంది. ఎవరో ఒకరికి చూపించండి.

అరండల్‌పేట_ఆంటీ
ఎవరో ఒకరంటే కుదరదండీ, మా ఇంట్లో జరిగింది చెప్తా. మా పెద్దాడు బైకు మీదనుంచి పడి మోకాల్లో లిగమెంటు తెంచుకున్నాడు. ఎల్లుండే ఆపరేషన్ అన్నారు. ఇంకొకర్ని అడుగుతామంటే ఆ డాక్టరు నవ్వుతూ "తప్పకుండా, మా ఫ్రెండున్నాడు" అని చీటీ రాసిచ్చారు. ఎంత పెద్దమనసో అనుకున్నాం. ఆ ఫ్రెండు పిల్లాడి కాలు ముట్టుకోలేదు, ఫైలు కవరు చూసి "ఆయన చెప్పిందే కరెక్టు" అన్నారు. ఇద్దరూ కలిసే ఆపరేషన్లు చేస్తారని తర్వాత కాంపౌండరు చెప్తే తెలిసింది. అది సెకండ్ ఒపీనియన్ కాదు, మొదటిదానికి జిరాక్స్.

ఆఖరికి వీళ్ళెవరితో సంబంధం లేని ఇంకో డాక్టర్ని మేమే వెతుక్కున్నాం. ఆయన ఎమ్మారై సీడీ కంప్యూటర్లో పెట్టి మాకూ చూపించారు. ముందు వాపు దిగాలి, మోకాలు పూర్తిగా వంగి చాపుకోవాలి, ఆపరేషన్ సంగతి తర్వాత అన్నారు. చివరికి ఆపరేషన్ చేయించాం లెండి. కాకపోతే రెండు నెలలు వ్యాయామం చేశాక, మాకు అర్థమయ్యాక చేయించాం.

మిరపఘాటు
మరి మొదటాయన కూడా ఆపరేషనే కదాంటీ చెప్పింది?

అరండల్‌పేట_ఆంటీ
చెప్పారు. ఆపరేషన్ వద్దని చెప్పించుకోడానికా రెండో డాక్టరు? ఎల్లుండే ఎందుకో చెప్పమన్నాం. మొదటాయన చెప్పలేదు, ఈయన చెప్పాడు.

ఫిజియో_కొత్తపేట
ఆంటీ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. గుంటూరు కొత్తపేటలో రోజూ చూస్తుంటా. ఒకే సర్జన్ పొద్దున ఒక నర్సింగ్‌హోమ్, మధ్యాహ్నం ఇంకోటి, సాయంత్రం సొంత క్లినిక్. బోర్డు మారితే డాక్టరు మారినట్టు కాదు, పేరు చూసుకోండి. ఆర్‌ఎంపీ వెంటబెట్టుకుని తీసుకెళ్తానంటే వద్దనండి. ఆయన ఎటు తీసుకెళ్తాడో, ఎందుకు తీసుకెళ్తాడో అందరికీ తెలిసిందే. మీరు వెళ్ళే డాక్టరుకి ఓనరుతో గానీ ఆ నర్సింగ్‌హోమ్‌తో గానీ లావాదేవీ ఉండకూడదు. మీకు ఆపరేషన్ చేస్తే వచ్చేది, చెయ్యకపోతే పోయేది ఆయనకేమీ ఉండకూడదు. జీతానికి పనిచేసే ప్రభుత్వ డాక్టరైతే ఆ గొడవ ఉండదు.

ఇంకోటి, ముందాయన ఏమన్నాడో కొత్తాయనకి అసలు చెప్పకండి. "బెణికిందన్నారండీ" అనగానే ఆయన బుర్ర కూడా అటే పోతుంది.

ఎముకల_పీజీ
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. దాచిపెడితే ఇబ్బంది పేషెంటుకే. ఏ మాత్రలు వాడారో తెలీదు, పాత ఫిల్ము లేకపోతే పగులు అప్పటిదా ఇప్పటిదా పోల్చుకోలేం. సగం మంది మా ఓపీకి ఖాళీ చేతుల్తో వచ్చి "మీరే కనుక్కోండి" అన్నట్టు కూర్చుంటారు. మేమేమన్నా సోది చెప్పేవాళ్ళమా?

ఫిజియో_కొత్తపేట
డాక్టరు గారికి కోపమొచ్చింది. ఫిల్ము దాచమన్లేదండీ, తీర్పు ఆపమన్నా. ఎలా పడ్డాడు, ఎక్కడ నొప్పి, ఏ పని చేస్తే వస్తుంది, ఇవి ముందు చెప్పాలి. ఆయన చేత్తో చూడటం అయ్యాక పాత కాగితాలు బయటికి తియ్యాలి.

ఎముకల_పీజీ
అలాగైతే సరే. అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు.

షెడ్డు_ఓనర్_బెజవాడ
ఇందాకట్నుంచి చదువుతున్నా. అందరూ ఓనర్ని దొంగని చేసేశారు. నాదీ ఆటోనగర్‌లోనే చిన్న షెడ్డు, ఆరుగురు పనివాళ్ళు. దెబ్బ తగిలితే ముందు జేబులోంచి తీసేది మేమే. తెలిసిన డాక్టరు దగ్గరికి కాకపోతే తెలియనివాడి దగ్గరికి తీసుకెళ్తామా రాత్రిపూట? చుట్టమైతే వెంటనే చూస్తాడని వెళ్తాం. నడుంనొప్పని నెలరోజులు ఇంట్లో ఉండి కానూరులో వేరే షెడ్డులో పనిచేసినోణ్ణీ చూశా. పని ఆగితే లారీ ఓనరు నా మీద పడతాడు.

ఇంకో డాక్టరుకి చూపించొద్దని నేననట్లా. చెప్పకుండా పోయి, ఆనక కాగితం తెచ్చి మొహాన కొట్టొద్దంటున్నా. "నొప్పి తగ్గట్లేదు సార్, ఇంకోసారి ఫిల్ము తీయిద్దాం" అని ఒక్క మాట అంటే సగంమంది ఓనర్లు కాదనరు.

లేత్_మెషిన్
మిగతా సగం సంగతేంటి?

షెడ్డు_ఓనర్_బెజవాడ
వాళ్ళని నేను మోయలేను కదయ్యా.

పెనమలూరు_కోడలు
అన్నా, మా ఓనర్ని చెడ్డోడని నేనన్లేదు. మీరు చెప్పినట్టే అడగమని ఈయనతో అంటా. ఎక్స్‌రే ఇమ్మని కూడా.

ప్లీడరు_బ్రాడీపేట
అడగండి, కానీ ఆయన ఒప్పుకునేదాకా ఆగకండి. రెండో డాక్టర్ని చూడటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే సెకండ్ ఒపీనియన్ హక్కు ఉంది. రికార్డుల విషయానికొస్తే, డాక్టర్ల ప్రవర్తనకి సంబంధించిన 2002 నాటి నిబంధనల ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఓనరుకిచ్చాం అన్నది సమాధానం కాదు. బిల్లు ఓనరు కట్టినా పేషెంటు మీ ఆయన. తెల్లకాగితం మీద అర్జీ రాసి, రెండో కాపీ మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. ఈరోజుల్లో ఎక్స్‌రేలు చాలాచోట్ల కంప్యూటర్లోనే ఉంటాయి, ఫిల్ము పోయినా మళ్ళీ ప్రింటు తీసివ్వగలరు.

ఇక డబ్బు సంగతి. షెడ్డులో ఎంతమంది పనిచేస్తారు? 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, జీతం నెలకి 21,000 మించకపోతే ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, ఉండాలి. అతని జీతంలోంచి 0.75 శాతం పట్టుకుంటున్నారేమో చూడండి. ఈఎస్ఐ ఉంటే గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్ళొచ్చు, పనిచెయ్యలేని రోజులకి జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు. ఈఎస్ఐ లేకపోతే భారం యజమానిదే. ఉద్యోగుల నష్టపరిహారం చట్టం 1923 నాటిది, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి చేర్చారు. పనిలో తగిలిన దెబ్బకి అసలు ఖర్చయినంత వైద్యం డబ్బు ఇవ్వాలని 2009 సవరణలోనే వచ్చింది.

ఒక జాగ్రత్త. యజమాని తన ఖర్చుతో తన డాక్టరు చేత పరీక్ష చేయిస్తానంటే వెళ్ళకుండా మొండికెయ్యొద్దు, పరిహారం ఆగిపోతుంది. వెళ్ళండి. కాకపోతే ఆయన రాసిందే వేదం కాదు, కేసయితే మీ డాక్టరు మాట కూడా పరిహారం తేల్చే అధికారి వినాలి. తెల్లకాగితాల మీద సంతకాలు మాత్రం పెట్టొద్దు.

షెడ్డు_ఓనర్_బెజవాడ
ఇదిగో, మణికట్టు నొప్పి కాస్తా కోర్టు దాకా వెళ్ళింది.

ప్లీడరు_బ్రాడీపేట
కోర్టుకెళ్ళమని నేనన్నానా? కాగితాలు దగ్గరుంటే వెళ్ళే అవసరం రాదు. లేనివాళ్ళే నా దగ్గరికొస్తారు.

మిరపఘాటు
అంటే కాగితాలు దాచుకోమని చెప్పి మీ పొట్ట మీరే కొట్టుకుంటున్నారు సార్ 😂

పటమట_పిన్ని
అందరూ ఇంకో డాక్టరు, ఇంకో డాక్టరు అంటున్నారు, రెండోవైపు నేను చెప్తా. మా అక్క బాత్రూంలో పడి ముంజేతి ఎముక విరిగింది. మొదటి డాక్టరు ప్లేటు వెయ్యాలన్నారు. డబ్బుకోసమే అని మా బావ అనుమానం. అక్కణ్ణించి గవర్నర్‌పేటలో ఒకరు, తర్వాత గుంటూరులో ఒకరు, చుట్టాలబ్బాయి హైదరాబాద్‌లో చదువుతున్నాడని వాట్సాప్‌లో ఇంకొకరు. ఒకరు వేస్తామంటే ఒకరు వద్దంటారు. ఈ తిరుగుడులో ఎముక వంకరగానే అతుక్కుంది. తర్వాత మళ్ళీ విరగ్గొట్టి ప్లేటు వేశారు. ఇప్పటికీ జడ వేసుకోలేదు, మా అమ్మాయి వెళ్ళి వేస్తుంది. మొదటి డాక్టరు చెప్పిందే నిజం, పాపం ఆయన్నే అనుమానించారు.

ఫిజియో_కొత్తపేట
పిన్నిగారి మాట గట్టిగా పట్టుకోండి. ఒక్క రెండో డాక్టరు చాలు. ఆ ఇద్దరికీ మరీ పొంతన లేకపోతేనే మూడో ఆయన. మనకి నచ్చిన మాట వినబడేదాకా తిరిగేదాన్ని సెకండ్ ఒపీనియన్ అనరు.

బెంజ్‌సర్కిల్_బాబాయ్
మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే కదా. 2019లో ఓపీ మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో ఏదొచ్చినా అక్కడికే. చీటీకి పది రూపాయలు. ఆన్‌లైన్‌లో ఓఆర్ఎస్ అని ప్రభుత్వ ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ సైటుంది, అందులో ముందే టోకెన్ తీసుకోండి, లేకపోతే క్యూలో నిలబడలేరు.

తెనాలి_తుంటరి
బాబాయ్‌కి సామెతలే కాదు, సైట్లు కూడా తెలుసు!

పెనమలూరు_కోడలు
అందరికీ దండాలు. ఏం జరిగిందో రాస్తున్నా, కాస్త పెద్దది.

ఈయన ఓనరుతో షెడ్డు_ఓనర్ అన్న చెప్పిన మాటే అన్నాడు. ఆయన కాసేపు మొహం ముడుచుకుని, "సరే నీ ఇష్టం" అని బీరువాలోంచి ఎక్స్‌రే కవరు తీసిచ్చాడు. ఎయిమ్స్‌కి వెళ్ళాం. జనం ఉన్నారు గానీ టోకెన్ ఉండబట్టి మధ్యాహ్నానికల్లా పిలిచారు. చిన్న వయసు డాక్టరమ్మ. ముందు ఏమీ అడక్కుండా మంచి చెయ్యి చూసింది, తర్వాత నొప్పి చెయ్యి. గుంటలో నొక్కింది. అరచేతి వైపు, బొటనవేలి కింద బుడిపె మీద నొక్కింది. బొటనవేలు పట్టుకుని లోపలికి తోసింది. మూడు చోట్లా ఈయన అమ్మో అన్నాడు. చెయ్యి చిటికెనవేలి వైపు వంచి పెట్టించి ఎక్స్‌రే తీయించారు. అందులో గీత మాకే కనబడింది. తర్వాత సీటీ కూడా తీశారు. ఎముక నడుం దగ్గర పగులు ఉంది, పక్కకి జరగలేదు అన్నారు. బొటనవేలితో కలిపి పిండికట్టు వేశారు. ఆరు వారాలకి మళ్ళీ చూస్తారంట, ఇంకా పొడిగించాల్సి రావచ్చంట.

పాత ఎక్స్‌రే లైటు మీద పెట్టి చాలాసేపు చూసింది. ఇప్పుడు తెలిసి చూసినా నాకు ఇందులో ఏమీ కనబట్లేదు అంది.

లేత్_మెషిన్
అయితే మొదటి డాక్టరు తప్పేం లేదన్నమాట?

ఎముకల_పీజీ
మొదటిరోజు కనబడకపోవడం తప్పు కాదు, ఎవరికైనా అంతే. పదో రోజు వచ్చినప్పుడు ఆ గుంటలో నొక్కకుండా, మళ్ళీ ఫిల్ము తీయకుండా ఫిట్ అని రాశారు చూడండి, అక్కడుంది లోపం.

షెడ్డు_ఓనర్_బెజవాడ
మా డాక్టరు కూడా అలాగే రాస్తాడు, ఒట్టు. ఈసారి నేనే అడుగుతా.

పెనమలూరు_కోడలు
ఇంకో తిరకాసు వచ్చింది. మా ఆడపడుచు భర్త ఊరుకోక సూర్యారావుపేటలో ఒక పెద్ద డాక్టరుకి సీటీ చూపించాడు. ఆయన కట్టు వద్దు, స్క్రూ వేస్తే త్వరగా పనిలోకి వెళ్ళొచ్చు అన్నారంట. ఇప్పుడు ఎవరి మాట వినాలి?

పటమట_పిన్ని
నే చెప్పలా!

ఎముకల_పీజీ
కంగారు పడకండి, ఇద్దరిలో ఎవరూ మోసం చెయ్యట్లేదు. పక్కకి జరగని పగులుకి రెండు పద్ధతులూ ఉన్నాయి. స్క్రూ వేస్తే కట్టుతో ఉండే రోజులు తగ్గుతాయి, చేతిపని వాళ్ళకి అది పెద్ద విషయమే. కానీ కోత, మత్తు, ఇన్‌ఫెక్షను, స్క్రూ సరిగ్గా కూర్చోకపోతే మళ్ళీ తియ్యడం, ఇవన్నీ ఉంటాయి. బ్రిటన్‌లో 439 మంది పెద్దవాళ్ళ మీద కట్టునీ ఆపరేషన్‌నీ పోల్చి చూశారు, 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఏడాది తిరిగేసరికి నొప్పిలో, చెయ్యి పనిలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందు కట్టు వేసి చూడండి, అతకని వాళ్ళకి వెంటనే ఆపరేషన్ చెయ్యండి అన్నారు.

ఒక్క మెలిక ఉంది. వాళ్ళంతా దెబ్బ తగిలిన రెండు వారాల్లోపు వచ్చినవాళ్ళు. మీవారికి ఆలస్యమైంది. అందుకని ఎయిమ్స్ డాక్టరమ్మని ఈ మాట నేరుగా అడగండి: "ఇంత ఆలస్యమైంది కదా, కట్టు సరిపోతుందా? అతకట్లేదని ఎప్పటికి తెలుస్తుంది, అప్పుడేం చేస్తారు?" స్క్రూ అన్నాయన్ని కూడా అడగండి: "వెయ్యకపోతే ఏమవుతుంది?" ఇద్దరి జవాబులూ పక్కపక్కన రాసుకోండి, మీకే తెలుస్తుంది.

ప్లీడరు_బ్రాడీపేట
పనిలో పడ్డప్పటి దెబ్బ అని ఎయిమ్స్ చీటీలో రాయించారా? తేదీ, ఎలా పడ్డాడు అన్నది ఉండాలి. వైకల్యం శాతం గురించి ఇప్పుడే ఎవరేం చెప్పినా నమ్మకండి. వైద్యం పూర్తయ్యాకే అది తేలేది.

పెనమలూరు_కోడలు
రాయించాం సార్. షెడ్డులో ఎనిమిదిమందే, ఈఎస్ఐ లేదు. కట్టు చూశాక ఓనరు సగం జీతం ఇస్తానన్నారు, సీటీ డబ్బులు కూడా ఇచ్చారు. వేషాలన్న మేస్త్రి ఇప్పుడు టీ తెచ్చిస్తున్నాడంట. డాక్టరమ్మని కూడా అడిగాం. ఆరు వారాలకి సీటీ తీసి చూస్తా, అతుకు కనబడకపోతే స్క్రూ ఇక్కడే వేస్తాం అంది. అందుకని కట్టుతోనే ఉందామనుకున్నాం.

బెంజ్‌సర్కిల్_బాబాయ్
మంచి పని. కట్టు తడవనివ్వకండి, స్నానానికి పాలకవరు తొడిగి రబ్బరుబ్యాండు వెయ్యండి.

ఎముకల_పీజీ
రబ్బరుబ్యాండు బిగించొద్దు బాబాయ్! టేపు చాలు. వేళ్ళు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా, నొప్పి భరించలేనంతగా పెరిగినా అదే రాత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

గొల్లపూడి_గోపి
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా నాయనమ్మకి 78. నిన్న రాత్రి గడప దగ్గర పడింది. తుంటి విరిగింది, రేపే ఆపరేషన్ అన్నారు. మేం కూడా రెండు మూడు రోజులు ఆగి ఇంకో ఇద్దరికి చూపిద్దామా?

ఎముకల_పీజీ
వద్దు. ఇది ఆగే కేసు కాదు. ఆ వయసులో తుంటి విరిగితే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవడమే మంచిది. పడుకోబెట్టినకొద్దీ ఊపిరితిత్తుల్లో నెమ్ము, రక్తం గడ్డకట్టడం, పుండ్లు మొదలవుతాయి. అనుమానం ఉంటే ఆవిడ్ని కదపకుండా ఎక్స్‌రే ఫోటో, రక్తపరీక్షలు, ఈసీజీ పట్టుకుని మీరొక్కరే ఇవాళే ఇంకో ఆర్థో దగ్గరికి వెళ్ళి రండి. గంటలో తేలిపోతుంది.

గొల్లపూడి_గోపి
ఫోటోలు తీసుకుని బయల్దేరా. మా బాబాయి ఆసుపత్రిలో ఉన్నాడు.

పటమట_పిన్ని
వాడే బిళ్ళల చీటీ కూడా పట్టుకెళ్ళు బాబూ, రక్తం పల్చబడే మాత్ర ఉందేమో తప్పక అడుగుతారు.